అమ్మవారి చిరునామా

బాసర గుడి చౌరస్తాలో పలకల దుకాణాలకు కొదవ లేదు. పలక, బలపం, పసుపు, కుంకుమ అన్నీ ఒక్కచోటే. మహారాష్ట్ర నుంచి వచ్చిన గిరాకీ మరాఠీలో ధర అడిగితే, దుకాణందారు తడుముకోకుండా మరాఠీలోనే చెప్తాడు.

చెప్పడా మరి! 1956 దాకా బాసర ఉన్న ముధోల్ ప్రాంతం మరాఠీ మాట్లాడే నాందేడ్ జిల్లాలోదే. రాష్ట్రాల పునర్విభజనలో ఆదిలాబాద్‌కు వచ్చింది. 2014లో రాష్ట్రం మారింది. 2016 దసరాకు జిల్లా కూడా మారి నిర్మల్ అయింది, బాసర మండల కేంద్రమైంది. ఇన్ని మార్పుల్లోనూ జ్ఞాన సరస్వతి తన పీఠం మీంచి అంగుళం జరగలేదు. బాగుపడ్డది బోర్డులు రాసే పెయింటరు.

వ్యాసుడు గోదావరి నుంచి రోజుకు మూడు గుప్పిళ్ల ఇసుక తెచ్చి ముగ్గురమ్మల విగ్రహాలు చేశాడని స్థలపురాణం. మూడు గుప్పిళ్లే! ఇసుక లారీల వాళ్లు వింటే నవ్వుతారు. ఊళ్లోనే వేదవతి శిల ఉంది. రాయితో కొడితే ఒక్కో చోట ఒక్కో ధ్వని పలుకుతుంది. లోపల సీతమ్మ నగలున్నాయని జనం నమ్మకం. వచ్చినవాళ్లంతా ఓ దెబ్బ వేసి చెవి పెట్టి వింటారు. సంగీతం మీద మక్కువతోనే అనుకుందాం.

వసంత పంచమి నాడు అక్షరాభ్యాసాల లైను గుడి దాటి రోడ్డెక్కుతుంది. అయ్యవారు బిడ్డ వేలు పట్టి తెలుగు అక్షరం దిద్దిస్తారు, అమ్మానాన్నలు ఫొటో తీసుకుంటారు. ఆ పలకకు అదే మొదటి అక్షరం, చాలాసార్లు అదే ఆఖరిది. ఎందుకంటే బిడ్డ చేరబోయేది ఇంగ్లిష్ మీడియం. ప్రైవేటు బడులనే అని లాభం లేదు, 2022-23 నుంచి సర్కారు బడుల్లోనూ ఎనిమిదో తరగతి దాకా అదే మీడియం పెట్టారు.

సరే, అక్షరాలు ఏ భాషవైతేనేం, చదువుల తల్లి ఊళ్లో పెద్ద చదువుకు లోటు ఉండకూడదు కదా. అందుకే 2008లో ట్రిపుల్ ఐటీ పెట్టారు: పల్లెల్లో పదో తరగతి బాగా పాసైన పిల్లలకు ఆరేళ్ల చదువు. 2022 జూన్‌లో ఆ పిల్లలే గొడుగులు పట్టుకుని వానలో గేటు దగ్గర బైఠాయించారు. రెగ్యులర్ వైస్ చాన్సలర్ కావాలి, వసతులు కావాలి అన్నారు. ఏడో రోజు రాత్రి విద్యాశాఖ మంత్రి వచ్చి మాట్లాడితేగానీ లేవలేదు.

గుడిలో అక్షరాభ్యాసం టికెట్టు మాత్రం కౌంటర్లో డబ్బు కట్టగానే చేతికొస్తుంది.