గట్టు కింద గూడు

నేను కందిరీగను. భైంసా పక్కన, గడ్డెన్నవాగు నీళ్లు పారే నల్లరేగడి పత్తిచేను గట్టులో, ఎలుక వదిలేసిన బొరియలో పుట్టాను. గోడలకు మట్టిగూడు కట్టుకుని ఒంటరిగా బతికే పురుగునూ మీరు కందిరీగే అంటారు. దాని దారి వేరు. మాది గుంపు బతుకు. ఇటుక రంగు ఒళ్లు, పసుపు మొహం, కడుపు మీద పసుపు పట్టీ: ఇవీ మా గుర్తులు. లిన్నేయస్ 1771లో మాకు వెస్పా ఓరియంటాలిస్ అని పేరు పెట్టాడు.

మా అమ్మ ఈ బొరియలోకి ఒక్కతే దిగింది. ఎండుకట్టెను, మొక్కల నారను నమిలి, ఉమ్మితో కలిపి గదులు కట్టింది. మొదటి పిల్లలను తానే వేటాడి సాకింది. మేం ఎదిగాక ఆమెకు గుడ్లు పెట్టడమే పని. మట్టి తోడడం, గదులు పెంచడం, వేట, కాపలా అన్నీ ఆడవాళ్లమే చేస్తాం. మగవాళ్లు సీజను చివర పుడతారు, వాళ్లకు ముల్లు ఉండదు.

చేన్లో పురుగులను, మిడతలను, ఈగలను పట్టి ముద్ద చేసి తెస్తాను. ఆ మాంసం నాకు కాదు. నా నడుము మరీ సన్నం, గట్టి తిండి దిగదు. గదుల్లోని చిన్న చెల్లెళ్లు ఆకలైతే గోడలను గీరుతారు. ఆ చప్పుడు చెవిన పడ్డాక వేరే పని తోచదు. వాళ్లు తిన్నాక నోట తియ్యటి నీరు ఊరుతుంది, దాన్ని మేం తాగుతాం. చెల్లెళ్లు అక్కలకు తిండి పెట్టే ఇల్లు మాది. గూటి జోలికి వస్తే మేం ఎందుకంత తెగిస్తామో తెలియాలంటే ఈ సంగతి తెలియాలి.

మిట్టమధ్యాహ్నం కైకిలోళ్లు చెట్టు నీడకు చేరితే, మాకు అదే మట్టి తోడే వేళ. మా పసుపు పట్టీలోని రంగు ఎండను పట్టి కరెంటుగా మార్చగలదని 2010లో ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు చెప్పారు.

భాద్రపదం చివరికి గూడు నిండిపోయింది. అప్పుడే గట్ల మీద గునుగు విరగబూసింది. ఎంగిలిపూల బతుకమ్మకు పూలు ముందురోజే కోసి పెట్టుకుంటారు కదా, ఒక పిల్ల తన చిన్నమ్మతో సంచి పట్టుకుని వచ్చింది. మా వాకిలి పక్కనే ఉన్న గునుగు మొక్కను వేళ్లతో సహా పెరికింది. నేల అదిరింది, బొరియలోకి మట్టి రాలింది. కాపలా అక్కలు లేచారు. మొదటి కాటు పిల్ల మెడ మీద పడింది. విషంతో పాటు వెలువడే వాసనే మాకు పిలుపు. నేనూ లేచాను. తేనెటీగ ముల్లుకు పళ్లుంటాయి, అది కుట్టిన చోటే ఉండిపోతుంది. మా ముల్లు దాదాపు నున్నగా ఉంటుంది, మళ్లీ మళ్లీ గుచ్చగలం.

పిల్ల సంచితో కొట్టబోయింది. చేతులు ఆడే కొద్దీ మేం ఇంకా ముసిరాం.

"కొట్టకే బిడ్డా, ఉరుకు! గట్టు దిగి ఉరుకు!" అని చిన్నమ్మ తన కొంగు పిల్ల తలపై కప్పి లాక్కుపోయింది. ఆ తల్లి తెలివైనది. గూటికి దూరమయ్యాక మేం వెనుదిరిగాం.

చెట్టు కింద ఒకరు సున్నం అన్నారు, ఒకరు ఇనుపముక్క రాయమన్నారు. విషం అప్పటికే చర్మం లోపలికి దిగింది, పైన పూసింది దాన్ని అందుకోదు. పిల్లకు వాపు, మంట. తడిగుడ్డ వేస్తే కొంత ఊరట. చిన్నమ్మకు పడ్డవి రెండే కాట్లు. కానీ ఆమెను కిందటేడు కూడా కందిరీగ కుట్టింది. అప్పటి విషాన్ని ఒళ్లు గుర్తుపెట్టుకుని, ఈసారి తనకు తానే శత్రువైంది. దద్దుర్లు లేచాయి, పెదవులు ఉబ్బాయి, గొంతు బిగిసింది, కళ్లు తిరిగాయి. అలాంటప్పుడు నిమిషాలే లెక్క. ఒకతను సున్నం మాట పక్కనపెట్టి ఆమెను బండి మీద భైంసా దవాఖానకు తీసుకుపోయాడు. తొడ కండలో అడ్రినలిన్ సూది వేశాక ఊపిరి ఆడింది. ఒంటి నిండా కాట్లు పడ్డవాళ్లూ ఇలాగే దవాఖానకు పోవాలి. విషం ఎక్కువైతే మూత్రపిండాలు దెబ్బతింటాయి, అది ఒకటి రెండు రోజులు ఆగి బయటపడొచ్చు.

ఆ సాయంత్రం గట్టు మీద పంచాయితీ జరిగింది. చీకటి పడ్డాక కిరసనాయిలు పోసి కాల్చేద్దామని కుర్రవాళ్లు అన్నారు. చీకట్లో మేమంతా లోపలే ఉంటాం, చెల్లెళ్లతో సహా.

"కాలిస్తే మీరూ కాలుతరు," అన్నాడు చేను యజమాని తాత. "మనం అటు దిక్కు పోకుంటే సరి. అవి పురుగుల్ని తినబట్టె కదరా, ఉండనీయండ్రి."

మర్నాడు బొరియకు ఎడంగా ముళ్లకంప పరిచి, కట్టెకు ఎర్రగుడ్డ కట్టాడు. పత్తి ఏరేవాళ్లు ఆ కంపను చుట్టి పోతున్నారు. మాలో ఒక్కరమూ వాళ్ల వెంట పడలేదు.

ఇప్పుడు నా రెక్కల అంచులు చిరిగిపోయాయి. కొత్త రాణులు గూడు వదిలి ఎగిరిపోతున్నారు. ఒక్కొక్కతె ఎక్కడో దాక్కుని, ఎండలు మొదలయ్యాక వేరే బొరియ వెతుక్కుంటుంది. ఈ పాత గూట్లోకి వాళ్లు తిరిగి రారు. రాకపోకలు ఆగిపోయిన తర్వాత కంప తీసేసి, బొరియ పూడ్చి, గట్టు బాగుచేసుకోమని తాతకు ఎవరైనా చెప్పండి.