పొమ్మనలేక పొగ

డెంగీ కేసులు జిల్లా పేజీకెక్కిన సాయంత్రమే మన వీధిలోకి పొగ బండి వస్తుంది. గొట్టం కార్పొరేటర్ గారి చేతికిస్తారు. ఎదురుగా ఫోన్లు లేస్తాయి. పొగ బాగా చిక్కబడితే గానీ ఫొటో దిగరు. పలచటి పొగలో సేవాభావం కనబడదు మరి.

డీజిల్ వాసనకి కడుపులో తిప్పుతుంటే మనమేం చేస్తాం? తలుపులు, కిటికీలు బిగించేస్తాం. డెంగీని మోసే ఏడిస్ దోమ పగలంతా కుట్టి, అప్పటికి ఇంట్లోనే మంచం కిందో, కొక్కానికి వేలాడే చొక్కా వెనకో సేదదీరుతూ ఉంటుంది. పొగ రోడ్డుకి, ఇల్లు దోమకి! ప్రజాధనంతో దానికింత భద్రత ఇంకే శాఖా కల్పించలేదు.

వీధిలో ఎగిరేవి నాలుగు చచ్చాయే అనుకుందాం. పొగ గుడ్లనీ, నీళ్లలోని పురుగులనీ ఏమీ చెయ్యదు. పైగా ఏడిస్‌కి మడి ఎక్కువ, మురిక్కాలవ గిట్టదు, నిలవున్న మంచినీళ్లు కావాలి. ఫ్రిజ్ వెనక ట్రే లాగి చూడండి. మనీప్లాంట్ సీసా, కూలర్ అడుగు, మేడ మీద మూతలేని డ్రమ్ము. టార్చి వేస్తే నీటి పైన తలకిందులుగా వేలాడే సన్నటి పురుగులు మెలికలు తిరుగుతూ అడుగుకి దిగిపోతాయి. వారం పది రోజుల్లో వాటికి రెక్కలొస్తాయి. నీళ్లు పారబోసి చేతులు దులుపుకుంటే చాలదు, గోడకంటిన గుడ్లు ఎండిపోయినా నెలల తరబడి బతుకుతాయి. పీచు పెట్టి రుద్దాలి. అదేమో ఫొటోకి పనికొచ్చే పని కాదాయె.

అందుకే ప్రభుత్వం వారానికోసారి నీళ్ల పాత్రలన్నీ ఖాళీ చేసి ఆరబెట్టమని 'ఫ్రైడే డ్రైడే' అంది. డ్రైడే అనగానే ముందురోజే వైన్‌షాపు దగ్గర క్యూ కట్టే జాతికి ఆ పేరెవరు పెట్టారో గానీ!

1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ దోమ కడుపు కోసి మలేరియా క్రిమిని చూసింది మన సికింద్రాబాద్‌లోనే. ఆయన దోమ లోపలికి చూశాడు. మనం మన డ్రమ్ములోకి కూడా చూడం.

ఇక జ్వరమొచ్చాక ప్లేట్‌లెట్ల జాతర. పూటపూటా వాట్సాప్‌లో స్కోరు, పక్కన బొప్పాయాకు రసం. ఆ రసం ప్రాణం నిలుపుతుందని రుజువు లేదు. జ్వరం దిగగానే "గండం గడిచింది" అని ఇడ్లీ పెట్టి పడుకోబెడతారు. రక్తనాళాల నుంచి ద్రవం కారిపోయే ముప్పు మొదలయ్యేది సరిగ్గా అప్పుడే. జ్వరం తగ్గాక కడుపు నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల రక్తం, మత్తు కనబడితే స్కోరు కోసం ఆగకండి, ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఒళ్లునొప్పులకి ఇబుప్రొఫెన్, ఆస్పిరిన్ మాత్రం వెయ్యకండి.