గెలిచారు సార్, డబ్బు కట్టండి!

పేకాట క్లబ్బు మీద దాడి జరిగితే వెనక గోడ దూకి పారిపోయే వీలైనా ఉండేది. ఇప్పుడు క్లబ్బే పారిపోతోంది. పొద్దున ఒక పేరు, మధ్యాహ్నానికి అదే పేరు చివర ఓ అంకె చేరి కొత్త సైటు.

ఆన్‌లైన్ పందేలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025లో పార్లమెంటూ చట్టం చేసింది. డబ్బు ఆట నడిపితే మూడేళ్ల దాకా జైలు, కోటి దాకా జరిమానా. అయినా టెలిగ్రామ్‌లో లింకు వస్తూనే ఉంది, కింద 'ప్రభుత్వ లైసెన్సు కలదు' అని. ఏ ప్రభుత్వమంటే, కరీబియన్ సముద్రంలో ఎక్కడో దీవి పేరు చెబుతారు. అదైనా నిజమో కాదో!

మర్యాదకు మాత్రం లోటుండదు. ఐదొందలు వేస్తే ఏడొందలు నిమిషంలో చేతికిస్తారు. మనవాడికి తాను పుట్టు మేధావినన్న అనుమానం అక్కడే మొదలు. యాభై వేలు వేస్తాడు, తెర మీద మూడు లక్షలు మెరుస్తాయి. తీసుకోబోతే, 'ముందు ముప్పై శాతం పన్ను కట్టండి సార్'. అసలు పన్నయితే గెలిచిన సొమ్ములోంచే కోసుకుంటారు కదా! కొత్తిమీర కట్టకు బేరమాడే మనిషి ఇక్కడ మారుమాట్లాడడు. అదీ కడతాడు, ఎవరో కిరాయికిచ్చిన ఖాతాలోకి. ఆపైన ప్రాసెసింగ్ ఫీజు.

వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయవయ్యా అంటే, 'పరువు పోతుంది' అంటాడు. పాపం, సైటువాళ్లు డిపాజిట్ కింద తీసుకోనిది అదొక్కటే.