లేటు వయసులో ఘాటు ప్రేమ

2014 అక్టోబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో మైక్రోసాఫ్ట్ అధినేత సత్య నాదెళ్ల ఒక స్లైడ్ చూపించారు. ఒక పక్క మైక్రోసాఫ్ట్, మరో పక్క విండోస్‌కి పోటీగా ఉచితంగా దొరికే లైనక్స్, నడుమ హృదయం బొమ్మ. బేగంపేటలో చదువుకున్న మనవాడు కదా, మనమూ మురిసిపోయాం. మురిసింది చాలు గానీ, ఈ ప్రేమకథలో మొదటి రీళ్లు ఎలా నడిచాయో కాస్త చూద్దాం.

2001లో కంపెనీ నాటి అధినేత స్టీవ్ బామర్ షికాగో పత్రిక ఒకదానితో మాట్లాడుతూ లైనక్స్‌ని క్యాన్సర్ అన్నాడు. తాకిన ప్రతిదానికీ అంటుకుంటుందట! (క్యాన్సర్ అంటురోగం కాదని ఆయనకెవరూ చెప్పినట్టు లేదు.) 2007లో మైక్రోసాఫ్ట్ వారు లెక్క కూడా కట్టారు. లైనక్సూ కోడ్ అందరికీ తెరిచి ఉంచే తక్కిన ఓపెన్ సోర్స్ సరుకూ కలిసి తమ పేటెంట్లు 235 కొల్లగొట్టాయట. ఏవి పోయాయో చెప్పండి బాబూ, ఆ ముక్క తీసేసి వేరేగా రాసుకుంటాం అని అవతలివాళ్లు అడిగితే జాబితా బయటపెట్టలేదు. పెడితే బెదిరింపుకి విలువేముంటుంది?

ఆ బెదిరింపు వృథా పోలేదు. ఆండ్రాయిడ్ కడుపులో ఉన్నది లైనక్స్ కెర్నలే. ఆండ్రాయిడ్ ఫోన్లు చేసే హెచ్‌టీసీ 2010లో, శామ్‌సంగ్ 2011లో మైక్రోసాఫ్ట్‌తో పేటెంట్ ఒప్పందాలు కుదుర్చుకుని కప్పం కట్టాయి. తన ఫోన్లు కొనేవాడు లేకపోయినా ఎదుటివాడి ఫోన్ల మీద రాబడి వచ్చింది. 2014 ఆగస్టులో, అంటే హృదయం బొమ్మకి రెండున్నర నెలల ముందు, రాయల్టీ ఆలస్యంగా కట్టారంటూ శామ్‌సంగ్ మీద న్యూయార్క్ కోర్టులో దావా వేసింది కూడా ఈ ప్రేమికుడే.

మరి ఇంతలోనే మనసెలా మారింది? అజూర్‌ని అడగండి, చెబుతుంది. అజూర్ అంటే మైక్రోసాఫ్ట్ వారు కంప్యూటర్లని అద్దెకిచ్చే వ్యాపారం. స్లైడ్ చూపించేనాటికే అందులో ఐదో వంతు లైనక్స్. 2019కల్లా విండోస్‌నే దాటేసింది. అద్దె నెలనెలా ఠంచనుగా కట్టేవాణ్ణి క్యాన్సర్ అనడానికి ఏ ఇంటి యజమానికి నోరొస్తుంది?

విండోస్ లోపలికి లైనక్స్‌ని తెచ్చిన తీరు ఇంకా ముచ్చటైనది. 2016లో మొదలైన ఆ ఏర్పాటు అచ్చం ఇల్లరికం. అల్లుడికి తిండీ గదీ అన్నీ ఉన్నాయి, వీధి తలుపు తాళంచెవి మాత్రం మామగారి మొలలోనే. ప్రోగ్రామర్లు లైనక్స్ కోసం విండోస్ వదిలిపోకూడదని పడ్డ తాపత్రయమిది.

న్యాయంగా ఒక మాట ఒప్పుకోవాలి. 2018లో మైక్రోసాఫ్ట్ 60 వేలకు పైగా పేటెంట్లతో, లైనక్స్‌ని పేటెంట్ దావాల నుంచి కాపాడే ఓపెన్ ఇన్వెన్షన్ నెట్‌వర్క్‌లో చేరి, లైనక్స్ మీదికి ఆ కత్తులు దూయబోమని మాటిచ్చింది. అది నిజమైన మేలే. 2020లో కంపెనీ అధ్యక్షుడు బ్రాడ్ స్మిత్, ఓపెన్ సోర్స్ విషయంలో తాము చరిత్రకి ఎదురు నిలిచామని బాహాటంగా ఒప్పుకున్నాడు కూడా. గెలవలేమని తేలిన పందెంలో తప్పు ఒప్పుకోవడానికి పెద్ద ధైర్యం అక్కర్లేదనుకోండి.

అంత ప్రేమే అయితే సొంత సరుకు కూడా తెరవాలిగా? తెరిచారు. 2024లో ఎంఎస్-డాస్ 4.0 సోర్స్ కోడ్ లోకానికి ధారపోశారు. 1988 నాటి సిస్టమ్ అది! ఆ లెక్కన నేటి విండోస్ కోడ్ మన మునిమనవలు చదువుకుంటారేమో.

ఇక మన ఇళ్లలోని కంప్యూటర్ల సంగతికొస్తే, మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14న విండోస్ 10కి మామూలు మద్దతు ఆపేసింది. విండోస్ 11 వేసుకోవాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కావాలన్నది కంపెనీ నియమం, పాత కంప్యూటర్లు చాలావాటిలో అది లేదు. మీ ఇంట్లో అలాంటిదొకటి మూలన పడి ఉంటే తుక్కువాడికి వెయ్యకండి. లైనక్స్ వేసుకోండి. డబ్బు కట్టక్కర్లేదు, పైగా మైక్రోసాఫ్ట్ వారే ప్రేమిస్తున్న సిస్టమ్ కనుక వాళ్లేమీ అనుకోరు.