రేపు నీళ్లు రావు: సటీక తాత్పర్యం

మూలం:
రేపు మధ్యాహ్నం వరకు నీళ్లు రావు. ట్యాంకరు చెప్పాం. బకెట్లు నింపుకోండి. – కమిటీ.

అవతారిక: బెంగళూరు మహదేవపుర అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో, జనం పడుకోబోయే వేళ వెలిసే గద్యమిది. మూలం ఇంగ్లీషని కొందరు, కన్నడమని కొందరు. మనకు దొరికింది తెలుగువాళ్ల ఉపగ్రూపులోని ప్రతి. కొన్ని ప్రతుల్లో చివర దండం బొమ్మ కనబడుతున్నది, అది ప్రక్షిప్తం.

ప్రతిపదార్థం: రేపు = ఆఫీసుకు పోవలసిన రోజున; మధ్యాహ్నం వరకు = ట్యాంకరు వచ్చేవరకు; నీళ్లు = ఎండిన బోరు సంపులో పోయవలసినవి; చెప్పాం = ఫోన్ చేశాం, ఎత్తలేదు; బకెట్లు = కుక్కరుతో సహా ఇంట్లోని సమస్త పాత్రలు; కమిటీ = సెక్రటరీగారు ఒక్కరే. గౌరవార్థంలో సమూహం.

తాత్పర్యం: స్పష్టం.

విశేషం: సెక్రటరీగారి ప్రణాళిక పన్నెండు గంటలది. దానిమీద ఎన్ని ప్రణాళికలు అంతస్తులుగా నిలిచి ఉన్నవో చూడవలెను. 2024 మార్చిలో జిల్లా యంత్రాంగం ట్యాంకర్లకు ధర కట్టింది: ఐదు కిలోమీటర్లలోపు 6,000 లీటర్లకు 600 రూపాయలు, 12,000 లీటర్లకు 1,000. ఆ ధరకు ఎవరు తెస్తారన్నది మాత్రం సెక్రటరీగారి శాఖ. ఆపై అంతస్తు జలమండలిది. 2007లో నగరంలో కలిసిన 110 గ్రామాలకని రోజుకు 77.5 కోట్ల లీటర్ల కావేరి నీటి పథకం ఐదో దశ 2024 అక్టోబరులో మొదలైంది. ఊళ్లు కలిసిన పదిహేడేళ్లకు నీళ్లు కలిశాయి. ఈలోగా ఇళ్ల ప్లాన్లకు అనుమతులు ఆగలేదు. అనుమతి ఇచ్చేవారు వేరు, నీళ్లిచ్చేవారు వేరు. అన్నిటికీ పైన నగరాభివృద్ధి సంస్థ బీడీఏ మాస్టర్ ప్లాన్. 2007లో ఆమోదించినదాని పేరు 2015. దాని తరువాత 2031 పేరుతో వచ్చిన ముసాయిదాను వెనక్కి తీసుకున్నారు.

శంక: నడుమ వార్డు లేదా?

సమాధానం: ఉన్నది. అందులో ఏళ్లపాటు మనుషులు లేరు. నగరపాలికె సభ్యుల గడువు 2020 సెప్టెంబరులో తీరింది. 2025 సెప్టెంబరులో పాలికె ఐదు కార్పొరేషన్లై, మహదేవపుర తూర్పుదానికి చెందేనాటికి కూడా కార్పొరేటరు లేడు.

మతాంతరం: పై ప్రణాళిక కిందిదాన్ని నడుపుతుందని ప్రాచీనులు. అది పొసగదు. నీళ్లు ఉంటాయనుకుని మాస్టర్ ప్లాన్ పటానికి ఇళ్లకని పసుపు రంగు వేస్తుంది. ఇళ్లు ఇన్నే అనుకుని జలమండలి పైపు వేస్తుంది. ఒకరు అనుకున్నదాన్ని ఇంకొకరు సరిచూసే చోటు లేదు గనుక, అనుకున్నవన్నీ తప్పిన రోజున లెక్క సంపు దగ్గర తేలుతుంది. సెక్రటరీగారికి అనుకునే సౌకర్యం లేదు. పొద్దున్నే నూట ఇరవై ఫ్లాట్లవాళ్లు స్నానాలు చేయాలి.

అంతమాత్రాన ఆయనను పరమపదంలో కూర్చోబెట్టనక్కరలేదు. కావేరి పైపు గేటు ముందుదాకా వచ్చినచోట కూడా కనెక్షన్‌కు కట్టవలసిన డబ్బు ఫ్లాటుకు ఇంత అనో, చదరపు అడుగుకు ఇంత అనో జనరల్ బాడీ తేల్చాలి. దానికి కోరం కావాలి. సమావేశం పెట్టిన ఆదివారం కుళాయిలో నీళ్లు బాగా వస్తే కోరం నిండదు.