చివరి అధ్యాయం ముందు చదవండి

దెయ్యాల సత్రంలో హత్య జరిగే సరదా డిటెక్టివ్ నవలను రాత్రిపూట, లైటు తగ్గించుకుని చదవాలంటారు. వద్దు. చీకట్లో సగం భయం చీకటిదే, రచయిత పని తేలికైపోతుంది. కురిచేడులో మే నెల మిట్టమధ్యాహ్నం చదవండి. ఆ వెలుతురులో కూడా మేడ మీద గజ్జెల చప్పుడుకు ఒళ్ళు జలదరించిందంటే ఆ ఘనత రచయితదే.

అగాథా క్రిస్టీ నాటకం ‘మౌస్‌ట్రాప్’లో ఓ కుర్రజంట కొత్తగా తెరిచిన బస చుట్టూ మంచు పేరుకుపోయి ఎవరూ బయటికి కదల్లేరు. మనకు రోహిణి కార్తె ఎండ చాలు. తలుపుకు తడి గోనెసంచి వేలాడదీసుకుని ఇంటిల్లిపాదీ ఒకే గదిలో పడుకున్నప్పుడు, ‘హంతకుడు ఈ కప్పు కిందే ఉన్నాడు’ అని పైకి చదివి చూడండి.

అసలు సలహా ఇది: పుస్తకం చేతికి రాగానే ఆఖరి అధ్యాయం తెరవండి. హంతకుడెవరో తెలుసుకున్నాకే మొదటి పేజీకి రండి. చిన్నప్పుడు అద్దెకు తెచ్చిన ఓ నవలకు చివరి నాలుగు పేజీలు లేవు. సత్రంలో గజ్జెలు మోగించిందెవరో నాకు ఈనాటికీ తెలీదు. రెండు రోజులు అన్నం సయించలేదు. అప్పట్నుంచీ చివరి పేజీ చూడందే అద్దె కట్టలేదు. అలా చదవగా చదవగా తెలిసిందేమంటే, పనితనం కనబడేది ముందే తెలిసినవాడికే. తాళంచెవుల గుత్తి ఎప్పుడు చేతులు మారిందో, వంటాయన అడక్కుండానే ‘నాకేం తెలీదు’ అని ఎందుకన్నాడో కళ్ళకు కడుతుంది. కొమ్మూరి సాంబశివరావు నవల అయితే, డిటెక్టివ్ యుగంధర్ ఎదుట కూర్చుని అబద్ధమాడేవాణ్ణి అసిస్టెంట్ రాజు కంటే ముందు మీరే పట్టేస్తారు.

‘మౌస్‌ట్రాప్’ లండన్ ప్రదర్శనలు 1952లో మొదలయ్యాయి. ముగింపు ఎవరికీ చెప్పొద్దని ప్రేక్షకులను అడగడం అక్కడి ఆనవాయితీ. నాకది నచ్చదు. రావణుడు చస్తాడని తెలిసే కదా, హరికథకు చాప పట్టుకెళ్ళి తెల్లవార్లూ కూర్చున్నాం!

పక్కన మార్కాపురం పలకొకటి పెట్టుకోండి. అనుమానితుల పేర్లు కాదు, రచయిత మనల్ని ఏమార్చిన పేజీల నంబర్లు బలపంతో రాయండి. నోటుబుక్కులో అయితే ఊరికే రాసుకుంటూ పోతాం. పలకలో చోటు తక్కువ, ఏది ఉంచాలో ఏది చెరపాలో ఆలోచించాల్సొస్తుంది.

దెయ్యం నిజమా కాదా అని ఆరా తీయకండి. సత్రంలో దిగినవాళ్ళలో అదీ ఒకటి.

ఎవరైనా పుస్తకం అడిగితే, చేతికిస్తూనే హంతకుడి పేరు చెప్పేయండి. పక్కింటి పిన్నికి అలాగే చెబితే మూతి ముడుచుకుని వెళ్ళింది. మర్నాడు మధ్యాహ్నం గోడ మీదుగా కేకేసింది: “అబ్బాయా, వాడు నలభయ్యో పేజీలోనే మేడ మెట్లు ఎన్నున్నాయో చెప్పేశాడు, చూశావా? అప్పటికింకా మేడే ఎక్కలేదు కదా!”

ఆ పేజీ నా పలక మీద లేదు. బలపం తీసి రాసుకున్నాను.