పగలు అరుంధతి, అద్దింట్లో ఐలాండ్ కిచెన్

పెళ్లిలో పట్టపగలే అరుంధతిని చూపిస్తారు. సప్తర్షి మండలంలో వసిష్ఠుడిని అంటిపెట్టుకున్న ఆ మసక చుక్క చీకట్లోనే కంటికి పరీక్ష పెడుతుంది. అయినా కొత్త జంట బుద్ధిగా తలూపుతుంది. లేనిది చూడటంలో తొలి పాఠం అదే.

మలి పాఠం మియాపూర్ అద్దె ఫ్లాట్లో. హాల్లో సోఫా లేదు గానీ ఇద్దరు పట్టి లేపాల్సిన పెళ్లి ఆల్బమ్ ఉంది. డ్రోన్ వీడియోలో షామియానా అద్భుతంగా వచ్చింది, పెళ్లికొడుకునే వెతుక్కోవాలి. చదివింపుల్లో గోడ గడియారాలు నాలుగు, పప్పు గరిటె సున్నా. మేకు కొట్టడానికి ఓనరు ఒప్పుకోడు కాబట్టి నాలుగూ మంచం కిందే టిక్‌టిక్‌మంటున్నాయి.

ఆదివారమైతే హైటెక్ సిటీలో ఐకియా. 2018లో దేశంలోనే మొట్టమొదట తెరిచిన ఆ షాపులో ఆమె ఐలాండ్ కిచెన్ దగ్గర, అతను రిక్లైనర్‌లో ఆగిపోతారు. ఇంటికొచ్చేది మాత్రం రెండు ప్లాస్టిక్ డబ్బాలు. మీట్‌బాల్స్ బిల్లు వేరే.

సొంతిల్లు కొనబోయే జంటలకు ఒక మాట. బ్రోషర్‌లోని సూపర్ బిల్టప్‌లో లిఫ్టూ మెట్లూ కూడా మీ ఖాతాలోనే ఉంటాయి. 2016 నాటి రెరా చట్టం చెప్పే కార్పెట్ ఏరియా ఎంతో ముందు అడగండి, ఐలాండ్ సంగతి తర్వాత.